మతం కాదు, మతి: ఆర్.ఇ.ఎమ్. పాట ఒకదాని పరిశీలన

యౌవనంలో ఇష్టపడ్డ పాట మీద విమర్శ రాయడం చిక్కైన పని. ఆ పాటతోపాటు ఆనాటి గది, ఆనాటి స్నేహితులు, ఆనాటి నిద్రలేమి కూడా చెవిలోకి వచ్చి చేరతాయి. బాగున్నది పాటా, ఆ రోజులా అన్నది విడదీసి చెప్పడం కష్టం. అందుకే అటువంటి పాటల గురించిన రచనలు చాలావరకు జ్ఞాపకాలుగానే మిగిలిపోతాయి. జ్ఞాపకాల విలువ జ్ఞాపకాలకుంది. కాని ముప్పై ఏళ్ళు దాటాక కూడా ఒక పాట మనల్ని వదలకపోతే, దాని నిర్మాణంలో ఏమున్నదో చూడవలసిన అవసరం ఉంది. ఈ వ్యాసం ఆ దృష్టితో పరిశీలిస్తున్నది ఆర్.ఇ.ఎమ్. అనే అమెరికన్ రాక్ బృందం 1991లో విడుదల చేసిన ‘లూజింగ్ మై రెలిజియన్’ పాటను.

ముందుగా బృందం గురించి నాలుగు మాటలు. జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు తూర్పున సుమారు 70 మైళ్ళ దూరంలో ఏథెన్స్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. 1980 ఏప్రిల్ 5న ఆ ఊళ్ళో, అప్పటికే ఆరాధనలు ఆగిపోయిన ఒక పాత చర్చి భవనంలో జరిగిన పుట్టినరోజు విందులో ఈ నలుగురూ మొదటిసారి కలిసి వాయించారు. గాయకుడు మైకెల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెరీ. ఎవరు ఏది కట్టినా పాటల కర్తృత్వాన్ని నలుగురి పేరా సమానంగా వేసుకోవడం వారి పద్ధతి. 1983లో వచ్చిన ‘మర్మర్’ నుంచి వారి శ్రోతలు ఎక్కువగా కళాశాలల రేడియో కేంద్రాల ద్వారా ఏర్పడ్డవారు. పెద్ద సంస్థల అభిరుచికి పక్కగా పెరిగిన ఇటువంటి సంగీతానికే తరువాత ‘ఆల్టర్నేటివ్ రాక్’ అన్న పేరు స్థిరపడింది. 1988లో వారు వార్నర్ బ్రదర్స్ వంటి పెద్ద సంస్థలో చేరారు. ఆ సంస్థకు చేసిన రెండవ సంపుటి ‘అవుట్ ఆఫ్ టైమ్’. అందులోని పాట ఇది.

1991 ఫిబ్రవరిలో పాట, మార్చిలో సంపుటి వచ్చాయి. ఆ ఏడాది బృందం కచేరీ యాత్ర చేయలేదు. అయినా పాట బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 4వ స్థానానికి చేరింది. సంపుటి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది. 1992లో ఈ పాట గానానికి ఒకటి, దృశ్యరూపానికి ఒకటి గ్రామీ పురస్కారాలు రాగా, సంపుటికి ఆల్టర్నేటివ్ సంగీత విభాగంలో మరొకటి వచ్చింది. జనాదరణకు కావలసిన లక్షణాలేవీ లేని పాట ఇంత దూరం ఎలా వెళ్ళిందన్నది అప్పుడే చాలామందికి కలిగిన ఆశ్చర్యం. నా ప్రతిపాదన ఇది: శీర్షిక, నిర్మాణం, స్వరాలు, కథకుడు, వీటన్నిటిలోనూ ఈ పాట ఒకే పని చేస్తుంది. మాటను చివరిదాకా తీసుకువెళ్ళి, ముగించకుండా వదిలిపెడుతుంది. ఆ అసంపూర్తే దాని బలం. అది పరభాషలో జీవించేవారికి మరింత దగ్గరగా వినిపించడానికి కారణం కూడా అదే.

శీర్షిక

ఈ పాట పేరును మాటకు మాటగా తెలుగు చేస్తే ‘నా మతాన్ని పోగొట్టుకుంటున్నాను’ అవుతుంది. ప్రపంచంలో ఎంతోమంది దీన్ని అలాగే విన్నారు. ఇది విశ్వాసం కోల్పోయినవాడి ప్రకటన అనీ, దేవుడిపై తిరుగుబాటు అనీ వ్యాఖ్యానాలు పుట్టాయి. యౌవనంలో ఉన్న శ్రోతకు అటువంటి అర్థం ఆకర్షణీయంగా ఉండటంలో వింత లేదు. ఇంట్లో పూజగదికీ, బయట సందేహానికీ మధ్య నిలబడ్డ వయసులో, ఆ మూడు మాటలు ఒక జెండాలా కనిపిస్తాయి.

కాని అది అమెరికా దక్షిణ రాష్ట్రాల నుడికారం. స్టైప్ స్వయంగా అనేకసార్లు వివరించినట్టు, సహనం హద్దు దాటడం, మర్యాద కోల్పోయే స్థితికి రావడం, ఇక తాళలేకపోవడం దాని అర్థం. చర్చికీ రోజువారీ మాటకూ మధ్య దూరం తక్కువగా ఉన్న ప్రాంతంలో పుట్టిన పలుకుబడి అది. మనిషిని మర్యాదలో నిలబెట్టేది మతమే అయినప్పుడు, మర్యాద జారితే మతం జారినట్టే. ఆ రకంగా ఇది అక్కడి అమ్మమ్మలు వాడదగిన మాటే తప్ప నాస్తికుల నినాదం కాదు. స్టైప్ దృష్టిలో పాట ఫలించని ప్రేమ గురించి, ఒక మనిషి మీద పెంచుకున్న వ్యామోహం గురించి.

తెలుగులో దీనికి సరిపోయే మాట వెతికితే ఒక విచిత్రం ఎదురవుతుంది. మనం ‘మతం పోయింది’ అనం; ‘మతి పోయింది’ అంటాం. కోపంలో, దిగ్భ్రమలో, విసుగులో, వలపులో కూడా మనకు పోయేది మతే. ‘వీడితో మతి పోతోంది’ అన్న తల్లి విసుగుకీ, ‘మతి పోగొట్టే అందం’ అన్న ప్రేమికుడి పరవశానికీ ఒకటే పలుకుబడి సరిపోతుంది. పైగా మతం, మతి రెండూ ‘తలచు’ అనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘మన్’ నుంచి వచ్చినవే. మతమంటే మొదట తలచినది, అంటే అభిప్రాయం. అభిమతం, సమ్మతం అన్న మాటల్లో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. మతి అంటే తలచే శక్తి. అంటే ఇంగ్లీషు నుడికారం అక్షరార్థానికీ, అసలు భావానికీ మధ్య ఉన్న దూరం, తెలుగులో ఒక్క అచ్చు దూరం.

అయితే ‘మతి పోయింది’ అన్నంత మాత్రాన అనువాదం పూర్తికాదు. మతి పోవడంలో అపరాధభావన లేదు. ఎవరికో సమాధానం చెప్పుకోవాలన్న భయం లేదు. ఇంగ్లీషు పలుకుబడిలో మతం అనే బరువైన మాట వాడుకలో ఎంత అరిగినా, దాని అడుగున పాత బరువు మిగిలే ఉంటుంది. పాటలో మరోచోట పాపనివేదనకు సంబంధించిన మాట కూడా వస్తుంది. కనుక మతం అని విన్నవారు పూర్తిగా దారి తప్పినవారూ కారు, మతి అని వివరించినంతలో పాట ఒడిసిపోయేదీ కాదు. ప్రేమలో తల వంచుకున్న మనిషి దేవుడి ముందు నిలబడ్డ భాషను వాడుకుంటున్నాడు. క్షేత్రయ్య పదాలు చదివినవారికి ఈ కలయిక కొత్త కాదు. అక్కడ మువ్వగోపాలుడు దేవుడో, విటుడో తేల్చకుండానే నాయిక మాట్లాడుతుంది. తేల్చకపోవడంలోనే పదం ప్రాణం ఉంది. తేడా ఏమిటంటే, క్షేత్రయ్య నాయికకు ధైర్యం ఉంది, వ్యంగ్యం ఉంది, బేరమాడే నోరు ఉంది. ఈ పాటలో మనిషికి అవేవీ లేవు.

పల్లవి

సినిమా పాటకు అలవాటు పడ్డ చెవి ఏ పాటలోనైనా మొదట పల్లవిని వెతుక్కుంటుంది. పాశ్చాత్య జనరంజక గీతాల్లో ఆ స్థానం కోరస్‌ది. చరణాల్లో పోగైన ఒత్తిడి అక్కడ విడుదలవుతుంది, పాట పేరు అక్కడ వినిపిస్తుంది, వాద్యాలన్నీ అక్కడ గొంతు పెంచుతాయి, శ్రోత అక్కడ గొంతు కలుపుతాడు. 1991లో ‘లూజింగ్ మై రెలిజియన్’ను సంపుటి నుంచి మొదటి పాటగా విడుదల చేయాలని బృందం కోరినప్పుడు సంస్థ వెనకాడటానికి కారణం అదే. ఇందులో మాండొలిన్ ముందుంది, కోరస్ లేదు.

కోరస్ లేదన్న మాటను కొంచెం సవరించుకోవాలి. పాటలో తిరిగి తిరిగి వచ్చే భాగం ఒకటుంది. అది పల్లవి చేయవలసిన పనులేవీ చేయదు. పాట పేరు అందులో లేదు. పేరు చరణం మధ్యలో, ఇతర మాటలకు అతుక్కుని, పాట మొత్తం మీద రెండు చోట్ల మాత్రమే వస్తుంది. తిరిగి వచ్చే భాగంలో శ్రుతి పెరగదు, డ్రమ్స్ దరువు ఉధృతం కాదు. ముఖ్యంగా, అందులో చెప్పే విషయం చూడండి. అవతలి మనిషి నవ్వినట్టు, పాడినట్టు, ఏదో ప్రయత్నించినట్టు తనకు అనిపించిందని కథకుడు అంటాడు. అంతే. మామూలు పల్లవి ఒక నిశ్చయాన్ని పదేపదే చెబుతుంది. ఇక్కడ పదేపదే తిరిగి వచ్చేది ‘అనుకున్నాను’ అనే అనుమానం. ఒకే అనుమానానికి మళ్ళీ మళ్ళీ రావడం వ్యామోహ లక్షణం. కనుక పాట నిర్మాణమే కథకుడి మనస్తత్వం.

క్షేత్రయ్య పదాలను అనుపల్లవితో ఎత్తుకుని, ఆ తరువాత పల్లవికి రావడం ఒక సంప్రదాయం. అలా పాడినప్పుడు పల్లవి వచ్చిన క్షణం ఒక రహస్యం విప్పినట్టుంటుంది. ఆ పద్ధతి ఎరిగిన శ్రోత ‘లూజింగ్ మై రెలిజియన్’ను అనుపల్లవి దగ్గరే ఆగిపోయిన పదంలా వినవచ్చు. వాయిదా పడ్డ పల్లవి నాలుగున్నర నిమిషాల్లోనూ రాదు. మనం ఎదురుచూస్తూనే ఉంటాం. చివరకు అదంతా కలేమోనన్న సందేహం దగ్గర మాటలు ఆగిపోయి, మాండొలిన్ వరస మరోసారి వచ్చి పాట ముగుస్తుంది.

మాండొలిన్

ఆ వరస పుట్టుక గురించి పీటర్ బక్ చెప్పిన విషయం ప్రసిద్ధమే. అతను కొత్తగా మాండొలిన్ కొనుక్కుని, టీవీ చూస్తూ, నేర్చుకుంటున్న ముక్కలను టేపు మీద రికార్డు చేసుకున్నాడు. మర్నాడు విన్నప్పుడు, తడబాట్ల మధ్య ఈ వరస దొరికింది. పాటను 1990లో న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్స్‌విల్ స్టూడియోలో, స్కాట్ లిట్ సహనిర్మాతగా రికార్డు చేశారు. మైక్ మిల్స్ బేస్ వరస కింది నుంచి పాటను నడిపిస్తుంది. తీగవాద్యాల బృందం వెనుక పరుచుకుంటుంది, కాని ముందుకు రాదు. రాక్ పాటకు గుర్తయిన ఎలక్ట్రిక్ గిటార్ గర్జన ఇందులో లేదు.

మాండొలిన్ అనగానే తెలుగు శ్రోతకు గుర్తుకొచ్చేది పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఈ రెండు మాండొలిన్లను పక్కపక్కన పెట్టి చూస్తే పాట గురించి ఒక విషయం తెలుస్తుంది. సంప్రదాయ మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకానికి అది అనుకూలం కాదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంట తీగల స్థానంలో ఐదు ఒంటి తీగలు అమర్చుకుని, స్వరాన్ని సాగదీసి ఊపగలిగే వాద్యంగా దాన్ని మార్చుకున్నాడు. ఆయన అధిగమించిన లోపాన్నే బక్ అలాగే ఉంచుకున్నాడు. స్వరం నిలవదు కనుక మళ్ళీ మళ్ళీ మీటాలి. మీటిన ప్రతిసారీ అదే స్వరం కొత్తగా మొదలై వెంటనే ఆరిపోతుంది. పైన గాయకుడు సాగదీసి పాడుతున్నాడు. కింద వాద్యం క్షణానికోసారి మాట మొదలుపెట్టి ఆపేస్తోంది. ఈ పాటలోని కలవరం చాలావరకు ఈ వైరుధ్యం నుంచి వచ్చిందే. నైపుణ్యం ఉన్న మాండొలిన్ విద్వాంసుడు వాయించి ఉంటే, బహుశా ఇంత బెరుకు దానికి అబ్బేది కాదు.

నిషాదం

స్వరాల సంగతి ఇంకొంచెం వివరంగా చూద్దాం. పాట ‘ఎ మైనర్’లో ఉంది. అందులో ప్రధానంగా వాడిన స్వరసమూహాలన్నీ సహజ మైనర్ స్వరాలతో ఏర్పడ్డవే. మన పరిభాషలో ఆ స్వరస్థానాలు 20వ మేళకర్త నఠభైరవివి: సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ఇది రాగం అనడం లేదు. గమకాలూ, సంచారాలూ లేకుండా రాగం ఉండదు. పోలిక స్వరస్థానాల వరకే.

ఇందులో గమనించవలసినది నిషాదం. పాశ్చాత్య సంగీతంలో మైనర్ శ్రుతిలో కట్టిన పాటలు, ముగింపు బలంగా వినిపించవలసిన చోట నిషాదాన్ని అర మెట్టు పైకి లేపడం మామూలు. మన మాటల్లో కైశికి నిషాదం స్థానంలో కాకలి నిషాదం వస్తుంది. అది షడ్జానికి అర మెట్టు దూరంలో నిలబడి, ఇంటి గుమ్మం ముందున్న మనిషిలా లోపలికి లాగుతుంది. ‘లూజింగ్ మై రెలిజియన్’ చరణాల్లో ఆ లేపడం జరగదు. ‘ఇ మేజర్’ రావలసిన చోట ‘ఇ మైనర్’ వస్తుంది. ఫలితంగా పాట షడ్జానికి తిరిగి వచ్చినా, చేరుకున్నట్టుండదు, ఊరికే వాలినట్టుంటుంది. కోరస్ లేని నిర్మాణానికీ, ఆకర్షణ లేని నిషాదానికీ ఒకటే ధోరణి. శ్రోతకు సంగీతశాస్త్రం తెలియనక్కర్లేదు. ఇల్లు చేరలేదన్న సంగతి చెవికి తెలుస్తుంది.

దీనికి ప్రతిరుజువు 2013లో దొరికింది. ఇంటర్నెట్‌లో బాగా తిరిగిన ఒక ప్రయోగంలో, ఈ పాట అసలు రికార్డింగులోని స్వరాలనే సాంకేతికంగా జరిపి మైనర్ నుంచి మేజర్‌కు మార్చారు. అదే గొంతు, అవే మాటలు, అదే మాండొలిన్. స్వరస్థానాలు మాత్రం శంకరాభరణానివి. విన్నవాళ్ళు నవ్వారు, కొందరు ఆశ్చర్యపోయారు. కథకుడి వేదన మాయమై, వేసవి మధ్యాహ్నం బాల్కనీలో కూర్చుని పాడుకుంటున్నవాడి పాటలా తయారైంది. మాటల్లో అంత దిగులున్నా, మాటలు ఒక్కటే ఆ దిగులును మోయలేవని ఆ ప్రయోగం తేల్చింది. పాటను కవితలా చదివి అర్థం చెప్పే విమర్శకులు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

కథకుడు

మాట్లాడుతున్నది ఎవరు? ఒక విందులోనో, గుంపులోనో అంచున నిలబడ్డ బిడియస్తుడు. స్టైప్ తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం, మొదటి చిత్తులో ఈ మనిషిని వంటింట్లో నిలబెట్టాడు. విందుల్లో బిడియస్తులు వంటింట్లోకి చేరడం ఎవరికైనా తెలిసినదే. తుది రూపంలో వంటిల్లు పోయి, ఒక మూల వచ్చింది, వెంటనే ఆ మూల మీద రంగస్థలపు దీపం పడింది. ఈ మార్పులో కవిగా స్టైప్ ఎదుగుదల కనిపిస్తుంది. వంటిల్లు వాస్తవికమైన వివరం, అంతకు మించి ముందుకు పోదు. మూల, దీపం పక్కపక్కన చేరేసరికి బిడియంలోని అసలు బాధ బయటపడింది. బిడియస్తుడికి తాను ఎవరికీ కనిపించడం లేదన్న దిగులూ, అందరూ తననే చూస్తున్నారన్న భయమూ ఒకేసారి ఉంటాయి.

అలాగే అతన్ని రెండు భయాలు కలిపి పీడిస్తాయి. మరీ ఎక్కువ బయటపెట్టేశానేమోనన్నది ఒకటి. చెప్పవలసిన దాంట్లో సగమైనా చెప్పలేకపోయానేమోనన్నది మరొకటి. ప్రేమలేఖ పంపి, తిరిగి తీసేసుకోవాలనుకున్న ప్రతివాడికీ ఈ స్థితి తెలుసు. ఆర్.ఇ.ఎమ్. తొలి సంపుటాల్లో స్టైప్ మాటలను మింగేస్తూ పాడేవాడు. శ్రోతలకు సగం పదాలు తెలిసేవి కావు. ఇక్కడ ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. మాట స్పష్టమైన కొద్దీ విషయం చేతికి చిక్కకుండా పోతుంది. అవతలి మనిషి ఎవరు, జరిగిందేమిటి, ఏం చెప్పాడు, దేనికి భయపడుతున్నాడు? ఒక్కదానికీ జవాబు లేదు.

స్టైప్ ఈ పాటను పోలీస్ బృందం 1983లో చేసిన ‘ఎవ్రీ బ్రెత్ యూ టేక్’తో పోల్చాడు. రెండూ వ్యామోహం గురించినవే. ఆ పాటలో కథకుడు నిఘా వేసేవాడు, అతని చూపు అవతలి మనిషి మీద. ఈ పాటలో నిఘా అంతా తన మీదే. ఇంతకంటే ఉపయోగపడే పోలిక, నా దృష్టిలో, ఇంగ్లండుకు చెందిన రేడియోహెడ్ 1992లో విడుదల చేసిన ‘క్రీప్’. అక్కడా అందనివారిని దూరం నుంచి చూసే, తనను తాను అసహ్యించుకునే యువకుడే. అక్కడ చరణం గుసగుసలా నడిచి, జానీ గ్రీన్‌వుడ్ గిటార్ మీద కసిగా కొట్టిన దెబ్బలతో కోరస్ పేలుతుంది. శ్రోత అరిచి తేలికపడతాడు. యౌవనానికి అది గొప్ప ఉపశమనం. ‘లూజింగ్ మై రెలిజియన్’ ఆ ఉపశమనం ఇవ్వదు. ఇరవయ్యేళ్ళప్పుడు నాకు ఎక్కువ నచ్చినది ‘క్రీప్’. ఈనాడు దాన్ని వింటే నా ఇరవయ్యేళ్ళు గుర్తొస్తాయి. రెండో పాట వింటే నిన్నటి సంభాషణ గుర్తొస్తుంది.

దృశ్యం

ఈ పాట భారతదేశానికి చేరింది ప్రధానంగా దృశ్యరూపంలో. 1991లో స్టార్ టీవీతోపాటు ఎమ్‌టీవీ మన ఇళ్ళలోకి వచ్చింది. హైదరాబాదులో డాబా నుంచి డాబాకు కేబుల్ తీగలు లాగుతున్న రోజులవి. ఇంజనీరింగు విద్యార్థులుగా మేము పాటను చూసిన తరువాతే విన్నామని చెప్పాలి. తరువాత ఎవరి దగ్గరో సంపాదించిన క్యాసెట్టు నుంచి కాపీ చేయించుకున్నాం. పదాలు రాసిన కాగితం లేదు. ఇంగ్లీషు మీడియం చదువు నుడికారాలను నేర్పదు. పాటకూ మాకూ మధ్య ఉన్న ఆ ఖాళీని నింపినవి బొమ్మలే.

ఆ బొమ్మలు తీసినది జలంధర్‌లో పుట్టి కాలిఫోర్నియాలో చదువుకున్న తర్సెమ్ సింగ్. తరువాత ‘ద సెల్’, ‘ద ఫాల్’ చిత్రాలు తీసినది ఆయనే. ఈ దృశ్యంలో మూడు నాలుగు సంస్కృతుల చిత్రభాషలు కలిశాయి. వాన కురిసే గది, కింద పడి పగిలే పాత్ర, రష్యన్ దర్శకుడు తర్కోవ్‌స్కీ 1986 చిత్రం ‘ద శాక్రిఫైస్’ నుంచి వచ్చాయి. రెక్కలున్న ముసలివాడు కింద పడటం, జనం అతన్ని వింత వస్తువులా తడిమి చూడటం గార్సియా మార్కెస్ కథ నుంచి వచ్చాయి. గాయంలో వేలు పెట్టి చూసే సన్నివేశం, చీకటి నుంచి పొడుచుకొచ్చే వెలుగు కరవాజ్జో చిత్రాలవి. వీటి పక్కనే మన క్యాలెండర్లలో కనిపించే దేవుళ్ళ భంగిమలు, జిలుగు రంగులు. భారతీయ సినిమాల్లోలాగా ప్రతిదీ అతిశయంగా, కలలా ఉండాలన్నది తర్సెమ్ ఉద్దేశమని స్టైప్ చెప్పాడు. 1991 ఎమ్‌టీవీ వీడియో పురస్కారాల్లో ఆ ఏటి ఉత్తమ వీడియోగా ఇదే ఎంపికైంది.

ఈ దృశ్యం పాటకు మేలు చేసిందా? శీర్షికకు మతమనే అర్థం ప్రపంచమంతా వ్యాపించడంలో దీని పాత్ర పెద్దది. దేవదూతలు, అమరవీరులు, దేవుళ్ళు తెరనిండా ఉంటే, అది విసుగును తెలిపే నుడికారమని ఎవరికి తోస్తుంది? పాట దాచిపెట్టిన చోట దృశ్యం అలంకరించింది. ఆ రకంగా చూస్తే అది పాటకు ఎదురు నడిచింది. కాని అందులో ఒక్క విషయం మాత్రం పాటను లోపలి నుంచి అర్థం చేసుకుంది. అది స్టైప్ శరీరం. బొమ్మలన్నీ శిల్పాల్లా స్థిరంగా నిలబడి ఉండగా, అతను ఒక్కడే తూలుతూ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊగుతాడు. అంతవరకూ వీడియోలలో పెదవి కలపడాన్ని సాధారణంగా తప్పించుకున్న గాయకుడు, ఇందులో కెమెరా ఎదుట నిలబడ్డాడు. మూలన ఉన్న మనిషి మీద దీపం పడటమంటే ఇదే. మాకు మాటలు అందకపోయినా ఆ ఊగులాట అందింది.

పరభాషలో ఈ పాట

విదేశాల్లో ఉద్యోగం చేసే తెలుగువారికి పాటలోని మనిషి అపరిచితుడేమీ కాదు. సమావేశంలో ఒక వాక్యం పలికి, అది గట్టిగా పడిందేమో, మెత్తగా పడిందేమో అని సాయంత్రం దాకా తూచుకోవడం మనకు తెలుసు. ఎదుటివారు నవ్వినప్పుడు, అది మన చమత్కారానికో, మన ఉచ్చారణకో తేల్చుకోలేని క్షణాలు తెలుసు. ఇది వెక్కిరింపుల గురించిన ఫిర్యాదు కాదు. ఎవరూ వెక్కిరించకపోయినా ఉండే స్థితి. రెండవ భాషలో వ్యాకరణం త్వరగానే వస్తుంది. ఎంత చెబితే సరిపోతుందన్న కొలత మాత్రం చాలా ఆలస్యంగా వస్తుంది. ఈ పాటలో ఆ కొలత తప్పినవాడు తన సొంత భాషలోనే మాట్లాడుతున్నాడు. మాతృభాష కూడా కొన్ని సందర్భాల్లో పరభాషేనని విన్నప్పుడు, పరాయితనం మన ఒక్కరి సొత్తు కాదని తెలుస్తుంది. ఆ ఎరుక ఓదార్పు కాదు గాని, ఒక రకమైన తోడు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పాలి. అస్పష్టంగా ఉన్న ఏ రచనలోనైనా పాఠకుడు తన జీవితాన్ని నింపుకోవచ్చు. అది రచన గొప్పతనమెలా అవుతుంది? న్యాయమైన ప్రశ్నే. ఆర్.ఇ.ఎమ్. పాటల్లో ఊరికే అస్పష్టంగా ఉన్నవీ లేకపోలేదు. అస్పష్టతకూ అసంపూర్తికీ భేదం ఉంది. అస్పష్టతలో రచయితకే ఏం చెప్పాలో తెలియదు. అసంపూర్తిలో ఏది చెప్పకూడదో అతనికి కచ్చితంగా తెలుసు. పేరును పల్లవికి ఎక్కించకపోవడం, నిషాదాన్ని లేపకపోవడం, వంటింటిని మూలగా మార్చడం, ఇవన్నీ ఒకే దిశలో చేసిన నిర్ణయాలు. కొన్ని యాదృచ్ఛికంగా దొరికి ఉండవచ్చు. దొరికినదాన్ని చెడగొట్టకుండా ఉంచుకోవడం కూడా నిర్ణయమే. అదే బృందం మరుసటి సంపుటిలో ‘ఎవ్రీబడీ హర్ట్స్’ అనే పాట చేసింది. అందులో దాపరికం లేదు. కుంగిన మనిషికి సూటిగా ధైర్యం చెబుతుంది. అది అవసరమైన పాట, ఎందరికో ఆసరా అయిన పాట. కాని అది చెప్పవలసినది మొదటిసారే పూర్తిగా చెప్పేస్తుంది. రెండవదాని దగ్గరకు కష్టంలో ఉన్నప్పుడు వెళతాం. మొదటిదాని దగ్గరకు కారణం లేకుండానే వెళతాం.

బిల్ బెరీ 1997లో బృందాన్ని విడిచాడు. 2011లో బృందమే ముగిసింది. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో, గీత రచయితలకు ఇచ్చే ఒక గౌరవం అందుకునే సందర్భంలో, నలుగురూ మళ్ళీ ఒక్కచోట నిలబడి ఒకే ఒక్క పాట వాయించారు. అది ఇదే. అరవై దాటిన గొంతుతో స్టైప్ పాడుతుంటే, ఇది యౌవనపు పాట అన్న ముద్ర ఎంత పొరపాటో అర్థమైంది. ఎక్కువ చెప్పానా, తక్కువ చెప్పానా అన్న ప్రశ్న ఇరవయ్యేళ్ళ ప్రేమికుడిది మాత్రమే కాదు. పెద్దవాళ్ళ ప్రశ్న కూడా అదే. పిల్లలతో, తల్లిదండ్రులతో, దూరమైన స్నేహితులతో.

బృందం తొలిసారి వాయించిన ఏథెన్స్ చర్చిని 1990లో, అంటే ఈ పాట రికార్డు అయిన సంవత్సరంలోనే, కూల్చివేశారు. గోపురం మాత్రం మిగిలింది. మతం గురించినది కాని ఈ పాటలో మతమనే మాట మిగిలిన తీరు కూడా కొంత అటువంటిదే. భవనం లేదు, కాని ఒకప్పుడు ఇక్కడ మోకరిల్లేవారని చెప్పడానికి ఆ ఒక్క గుర్తు చాలు. ఎవరైనా ఈ పాటను తెలుగులోకి తేవాలనుకుంటే, ‘మతి’ అన్న మాటతో మొదలుపెట్టమని నా సలహా. అయితే పాడేటప్పుడు అందులో ‘మతం’ కూడా లీలగా వినిపించాలి. ఆ పని చేయగల కవి దొరికేదాకా, అసలు పాటనే మళ్ళీ వినవచ్చు. ఈసారి మాటలను కాసేపు వదిలి, షడ్జానికి చేరీ చేరని ఆ నిషాదాన్ని వినండి.